సాంకేతిక రచనలో విరామ చిహ్నములు – ఉద్ధరణ చిహ్నముల వినియోగము

మాటలాడునపుడు మనకు తోడ్పడునవి పెక్కు కలవు. కంఠస్వరపు హెచ్చుతగ్గులు, నడుమ నడుమ నిలుపుదల, చేతి సైగ, చూపు – ఇవన్నియు మాటకు అర్థమును పూరించును. కాగితము మీదికి వచ్చునప్పటికి వీనిలో ఏదియు వెంట రాదు. వాని స్థానమున నిలుచునవి విరామ చిహ్నములు. కథలో ఒక చిహ్నము తప్పిపోయినను పాఠకుడు సందర్భమునుబట్టి సవరించుకొని చదువును. ప్రయోగశాలలో ద్రావణము కలుపు విద్యార్థికిని, మందు మోతాదు చదువుకొను రోగికిని, యంత్రము ప్రక్కన నిలుచుండి సూచనల పుస్తకము చూచు కార్మికునికిని ఆ వెసులుబాటు లేదు. అచట వ్రాసినది వ్రాసినట్లుగనే ఆచరింపబడును. కనుక సాంకేతిక రచనలో విరామ చిహ్నము అలంకారము కాదు; అది అర్థములో భాగము.

ఈ విషయము మన వంటి కళాశాలకు మరింత దగ్గరైనది. మన విద్యార్థి ఒకే దినమున ఉర్దూలో ఒక పాఠమును, తెలుగులో ఒక పాఠమును, ఇంగ్లీషులో ప్రయోగ నివేదికను వ్రాయుచుండును. మూడు భాషలకు మూడు లిపులు, మూడు విరామ సంప్రదాయములు. ఒకదాని అలవాటు మరియొకదానిలోనికి తెలియకుండగనే ప్రవేశించును. ఆ మూడింటిని ప్రక్క ప్రక్కన ఉంచి పరిశీలించుటయు, ముఖ్యముగా ఉద్ధరణ చిహ్నములు చేయు పనిని నిర్ణయించుటయు ఈ వ్యాసము యొక్క ఉద్దేశ్యము.

మూడు సంప్రదాయములు

తాళపత్రముల మీద మన పూర్వులు పదములను విడదీయక వరుసగా వ్రాసెడివారు. పద్యాంతమున ఒకటి రెండు నిలువు గీతలు తప్ప వేరు విరామ చిహ్నముల అవసరము వారికి అంతగా కలుగలేదు. ఇది లోపము కాదు. తెలుగు వాక్యములో క్రియ సాధారణముగా చివరకు వచ్చును. క్రియ వచ్చినదన్న వాక్యము ముగిసినదని తెలియును. ప్రశ్నను పదాంతమందలి దీర్ఘము తెలుపును. సముచ్చయమును ‘ను’, ‘యు’ వంటి ప్రత్యయములు తెలుపును. ఇతరుల మాటను ‘అని’ తెలుపును. అనగా ఇతర భాషలు చిహ్నములచేత చేయించుకొను పనిని తెలుగు కొంతవరకు పదములచేతనే చేయించుకొన్నది. 19వ శతాబ్దమున ముద్రణ వ్యాపించినప్పుడు ఇంగ్లీషు పుస్తకముల నుండి చిహ్నముల సంపుటి యావత్తు మనకు వచ్చినది. వాక్యాంత బిందువు, వాక్యాంశ బిందువు, అర్ధ బిందువు, న్యూన బిందువు, ఉద్ధరణ చిహ్నములు అని వానికి మన పాఠశాలలలో పేర్లు ఏర్పడినవి.

ఉర్దూలో వీనిని ‘రుమూజె ఔకాఫ్’ అందురు. పూర్తి విరామము ‘ఖత్మా’, చిన్న విరామము ‘సక్తా’, దానికంటె పెద్దది ‘వక్ఫా’. కుండలీకరణములకు ‘కౌసైన్’ అని పేరు. రెండు ధనుస్సులు అని అర్థము. ఉద్ధరణ చిహ్నములకు ‘వావైన్’ అని పేరు. ‘వావ్’ అను అక్షరము వలె కనబడుటచేత ఆ పేరు వచ్చినది. ఉర్దూ లిపిలో పెక్కు అక్షరములను పైనను క్రిందను గల చుక్కలే వేరుచేయును. అట్టి లిపిలో వాక్యాంతమున మరియొక చుక్క పెట్టినచో అది అక్షరపు చుక్కతో కలిసిపోవు భయము కలదు. ఉర్దూ పూర్ణవిరామము చుక్క గాక చిన్న అడ్డగీత అగుట ఎంత అనుకూలమో దీనివలన గ్రహింపవచ్చును. లిపి కుడి నుండి ఎడమకు నడచును గనుక ప్రశ్నార్థకము కూడ ఎదురు దిక్కునకు తిరిగియుండును.

విరామము ఎంత పని చేయునో ఉర్దూ చదివిన పిల్లలకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. ‘రోకో మత్ జానే దో’ అను నాలుగు మాటలలో ‘రోకో’ తరువాత ఆగినచో పోనీయవద్దని అర్థము. ‘మత్’ తరువాత ఆగినచో పోనిమ్మని అర్థము. మాటలు అవియే, నిలిచిన చోటు మారినది, ఆజ్ఞ తలక్రిందులైనది.

ఈ రెండు భాషలలోను ఉన్నత విద్యకు ఉపకరించు శాస్త్ర వచనము మిక్కిలి ప్రాచీనమైనది కాదు. ఉర్దూ మాధ్యమముగా ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో ఏర్పడినది. దానికి పాఠ్యగ్రంథములు సమకూర్చుటకు 1917లోనే హైదరాబాదులో ‘దారుల్ తర్జుమా’ అను అనువాద శాఖ మౌల్వీ అబ్దుల్ హక్ ఆధ్వర్యమున వెలసినది. తెలుగున అధికార భాషా చట్టము 1966లో వచ్చినది. ఉన్నత విద్యకు తెలుగు పుస్తకములు సిద్ధపరచుటకు తెలుగు అకాడమి 1968లో స్థాపింపబడినది. ఈ సంస్థలు పారిభాషిక పదముల విషయమున చేసిన కృషి పెద్దది. కాని మంచి పారిభాషిక పదము దొరికినంత మాత్రమున మంచి సాంకేతిక వాక్యము సిద్ధింపదు. పదముల నడుమ గీయవలసిన హద్దులు కూడ సరిగా ఉండవలెను.

‘అని’ చేయు పని – చేయజాలని పని

ఇతరుల మాటనో, తెర మీది అక్షరములనో, సీసా మీది చీటినో మన వాక్యములో చెప్పవలసి వచ్చినపుడు అది ఎచట మొదలై ఎచట ముగియుచున్నదో పాఠకునికి తెలియవలెను. తెలుగులో దీనికి ‘అని’ కలదు. సంస్కృతములోని ‘ఇతి’ వలె ఇది ఉద్ధరించిన మాట తరువాత వచ్చును. అనగా ముగింపును చూపును. మొదలును చూపదు.

ఉర్దూలో ఇందుకు విపర్యయము. ‘ఉస్‌నే కహా కి’ అన్నప్పుడు ‘కి’ ముందుగా వచ్చి, ఇక చెప్పబోవునది అతని మాట అని తెలుపును. అనగా మొదలును చూపును. ఆ మాట ఎచట ముగిసి రచయిత మాట ఎచట తిరిగి అందుకొన్నదో చూపదు. ఇంగ్లీషులోని ‘దట్’ కూడ ఇట్లే ముందు వచ్చునది. మన ప్రాంతపు దక్కనీ మాత్రము తెలుగు పొరుగున పెరిగినది కనుక ‘కల్ ఆతూఁ బోల్‌కే బోలా’ అనును. ఈ ‘బోల్‌కే’ మన ‘అని’ వలెనే మాట తరువాత వచ్చును. ఇంటిలో దక్కనీ మాటలాడి బడిలో పుస్తకపు ఉర్దూ నేర్చిన విద్యార్థికి ఈ భేదము స్వానుభవమే.

ఒక భాష వాకిలిని మాత్రము చూపును. మరియొకటి పెరటి తలుపును మాత్రము చూపును. రెండు హద్దులను చూపునది ఉద్ధరణ చిహ్నము ఒక్కటియే. ఒక ఉదాహరణము చూతము.

యంత్రము పని పూర్తి కానిచో మరల ప్రయత్నించుము అని చూపును.

ఈ వాక్యమునకు రెండు అర్థములు కలవు. పని పూర్తి కానప్పుడు యంత్రము ‘మరల ప్రయత్నించుము’ అను మాటను చూపునని ఒకటి. ‘పని పూర్తి కానిచో మరల ప్రయత్నించుము’ అను మాటను యంత్రము ఎల్లవేళల చూపుచుండునని రెండవది. మొదటిది లోపమును తెలుపు హెచ్చరిక. రెండవది సాధారణ సూచన. యంత్రము చెడిపోయినదా, లేదా అనునది ఈ భేదము మీదనే ఆధారపడియున్నది. ‘అని’ తన స్థానమున తాను సరిగానే ఉన్నది. అయినను మొదలు ఎచటనో అది చెప్పజాలదు. ప్రారంభపు చిహ్నమును పెట్టినంతనే సందేహము తొలగిపోవును.

తెలుగులో మరియొక చిక్కు కలదు. అది సంధి. హ్రస్వమైన ఉకారమునకు అచ్చు పరమైనపుడు సంధి తప్పదని మన వ్యాకరణము. ‘ఆపు’ అను మాటకు ‘అని’ చేరినచో ‘ఆపని’ అగును. ఒక మీట మీద ‘ఆపు’ అని యున్నదనుకొనుడు. సూచనల పుస్తకములో ‘ఆపని ఉన్న మీట’ అని వ్రాసినచో పాఠకుడు ఏమని గ్రహింపవలెను? ఆపనట్టి మీట అని వ్యతిరేకార్థము తోచవచ్చును. ‘ఆ పని’ అని విడదీసి చదువుకొనవచ్చును. రచయిత ఉద్దేశించిన అర్థము మూడవది మాత్రమే. ఇది ఒక్క మాటకు పరిమితము కాదు. నొక్కు – నొక్కని, తాకు – తాకని, త్రాగు – త్రాగని, వాడు – వాడని. ఈ క్రియలలో విధిరూపమునకు ‘అని’ చేరిన రూపమును, వ్యతిరేక విశేషణ రూపమును ఒక్కటియే. ‘త్రాగు’ అని చీటి అంటించిన సీసాకును, త్రాగని సీసాకును నడుమ గల భేదమును సంధి మ్రింగివేయును.

అందుచేత సాంకేతిక రచనలో ఒక నియమమును చేసికొనవలసియున్నది. ఉద్ధరించిన మాటకును ‘అని’ అను పదమునకును నడుమ సంధి చేయరాదు; ఉద్ధరణ చిహ్నమును మూసి, ఖాళీ విడిచి, పిమ్మట ‘అని’ వ్రాయవలెను. పద్యములో విసంధి దోషమగుగాక. ఇచట అదియే గుణము. సంధి చెవికి ఇంపు. యంత్రము చెంత నిలిచిన వానికి కావలసినది చెవికి ఇంపు కాదు, చేతికి భద్రత.

చిహ్నము లోపల ఏమి ఉండవలెను

ఉద్ధరణ చిహ్నముల నడుమ భాగము రచయితది కాదు, ఉద్ధరింపబడిన దానిది. అచట రచయిత తన సొంత చుక్కనైనను పెట్టరాదు. ఈ విషయమున ఇంగ్లీషు వారిలోనే ఏకాభిప్రాయము లేదు. అమెరికా ముద్రణాలయముల అలవాటునుబట్టి వాక్యాంతపు చుక్కయు, కామాయు అవి ఎవరివైనను మూయు చిహ్నమునకు లోపలనే పడును. బ్రిటిషు సంప్రదాయములో ఆ చుక్క ఉద్ధరించిన మాటకు చెందినచో లోపల, రచయిత వాక్యమునకు చెందినచో వెలుపల ఉండును. సాధారణ గద్యములో ఈ రెండింటిలో దేనిని అనుసరించినను ప్రమాదము లేదు. సాంకేతిక రచనకు మాత్రము రెండవదే తగినది.

కారణము చూడుడు. కంప్యూటరుకు చుక్క కూడ ఒక అక్షరమే. ఒక పత్రములో ‘సంకేత పదముగా “కాకతీయ72.” అని కొట్టుము’ అని ముద్రించినారనుకొనుడు. ఆ చుక్క సంకేత పదములో భాగమా, వాక్యమునకు చెందినదా? చదువరి చుక్కతో కొట్టును, తలుపు తెరువబడదు. తప్పు అతనిది కాదు. భూమి పత్రములలో సర్వే నంబరు ‘214/అ’ అని యుండును. అందలి వాలుగీతయు, ‘అ’ యు ఆ భూమి పేరులో భాగములు. ‘214 అ’ అనియో ‘214-అ’ అనియో ‘214/అ.’ అనియో వ్రాసినచో మనుష్యుడు ఒకటే అనుకొనవచ్చును గాని, వెదకు యంత్రము వానిని వేరు వేరు మాటలుగా చూచును. సర్వే నంబరును అక్షరాక్షరము ఉన్నదున్నట్లు దింపుటలో ఒక కుటుంబపు జీవనాధారము ఇమిడియున్నదని మన పల్లెల నుండి వచ్చు విద్యార్థులకు చెప్పవలసిన పని లేదు.

ఇచట ‘ఉన్నదున్నట్లు’ అను మాట ముఖ్యము. చీటి మీద అక్షర దోషమున్నను ఉద్ధరణలో దానిని సవరింపరాదు. సవరణను వెలుపల చెప్పవలెను. భావమును మాత్రము చెప్పదలచినచో చిహ్నములను విడిచి మన మాటలలో చెప్పవలెను. ఒక మాటను నొక్కి చెప్పుటకు, దుకాణముల పలకల మీద వలె, దానికి ఉద్ధరణ చిహ్నములు తగిలించుట సాంకేతిక రచనలో పనికిరాదు. ‘శుద్ధమైన’ నీరు అని చిహ్నములలో వ్రాసినచో, ఎవరో శుద్ధమన్నారు గాని రచయితకు నమ్మకము లేదను ధ్వని కలుగును.

పోలికలు తెచ్చు పొరపాట్లు

కొన్ని గుర్తులు చూచుటకు ఒకే రీతిగా నుండి వేరు వేరు పనులు చేయును. విద్యార్థులు వీనిని గుర్తించియుండుట మంచిది.

అడుగులకు ఒక గీటు, అంగుళములకు రెండు గీట్లు పెట్టుట వాడుక. కోణమానమున కళలకు ఒకటి, వికళలకు రెండు. వరంగల్లు అక్షాంశమును సుమారు 17° 58′ అని వ్రాయుదుము. ఈ గీట్లు ఉద్ధరణ చిహ్నములు కావు. కొలతను ఉద్ధరణ చిహ్నముల నడుమ పెట్టినచో ఏ గీటు దేనిదో తెలియదు; అట్టి చోట ‘5 అడుగుల 6 అంగుళములు’ అని అక్షరములలో వ్రాయుటయే మేలు.

పట్టికలలో పై వరుసలోని మాటయే క్రింద కూడ వర్తించునని తెలుపుటకు రెండు గీట్లు పెట్టి ‘డిటో’ అందురు. ఉర్దూ దస్తరములలో దీనికి ‘ఐజన్’ అని వ్రాయు ఆచారము కలదు. పుట మారినచో ఆ గీట్లకు ఆధారము పోవును. కనుక క్రొత్త పుట మొదటి వరుసలో మాటను పూర్తిగా వ్రాయవలెను.

తెలుగు చేతివ్రాతలో ‘గం||’, ‘సం||’, ‘డా||’ అని రెండు నిలువు గీతలతో పదములను కుదించుట కలదు. రేఖాగణితములో అవే గీతలు సమాంతరమును తెలుపును. గణిత పత్రములో ఈ కుదింపును విడిచి ‘గం.’, ‘సం.’ అని చుక్కతో వ్రాయుట క్షేమము.

తెలుగు విసర్గయు, న్యూన బిందువును కంటికి దగ్గర దగ్గరగా నుండును. ‘పునఃప్రారంభము’ అను మాటలో విసర్గకు బదులు న్యూన బిందువును కొట్టినచో చదువరి గమనింపకపోవచ్చును గాని కంప్యూటరు దానిని రెండు ముక్కలుగా చూచును. వెదకినను ఆ మాట దొరకదు. సున్నకును తెలుగు అంకెలలోని శూన్యమునకును గల పోలిక కూడ ఇట్టిదే. ఉర్దూ అంకెలలో సున్న దాదాపు ఒక చుక్క. మూడు లిపుల అంకెలను ఒకే పట్టికలో కలిపి వ్రాయరాదనుటకు ఈ ఒక్క కారణము చాలును.

ఇక ఉద్ధరణ చిహ్నముల రూపము. అచ్చు పుస్తకములలో తెరచు చిహ్నము ఒక వైపునకు, మూయు చిహ్నము వేరొక వైపునకు వంగియుండును. టైపు యంత్రములో మీటలు తక్కువ కనుక రెండింటికిని ఒకే నిటారు గీటును వాడిరి. కంప్యూటరు అక్షరమాలకు ఆధారమై 1963లో వెలువడిన ‘ఆస్కీ’ ప్రమాణమునకు కూడ ఆ నిటారు గీటే సంక్రమించినది. అందుచేత ‘సీ’ వంటి కంప్యూటరు భాషలు నిటారు గీట్లనే గుర్తించును. పాఠమును అందముగా దిద్దు సాధనము వానిని వంపు చిహ్నములుగా మార్చినచో ఆ ఆజ్ఞావళి పని చేయదు. వచనమునకు వంపు చిహ్నములు, కంప్యూటరు ఆజ్ఞలకు నిటారు గీట్లు – ఈ విభజనను పాటింపవలెను.

అంకెల నడుమ చుక్క, కామా

మనము లక్షను ‘1,00,000’ అని వ్రాయుదుము. పాశ్చాత్యులు ‘100,000’ అని వ్రాయుదురు. జర్మనీ, ఫ్రాన్సు దేశములలో కామా దశాంశ చిహ్నము. అచటి పత్రములో ‘1,500’ అనగా ఒకటిన్నర. తూనికలు కొలతల అంతర్జాతీయ మహాసభ 2003లో దశాంశమునకు చుక్కనైనను కామానైనను వాడవచ్చుననియు, అంకెల గుంపుల నడుమ మాత్రము ఈ రెండింటిని వాడక ఖాళీ విడువవలెననియు నిర్ణయించినది. పరదేశపు యంత్రముతో వచ్చిన పుస్తకమును చదువునపుడు దానిలో ఏ సంప్రదాయము నడచుచున్నదో ముందుగా చూచుకొనవలెను.

మందుల మోతాదు విషయమున వైద్యులు పాటించు జాగ్రత్త గమనింపదగినది. అర గ్రామును ‘.5’ అని వ్రాయరాదు. చుక్క చెరిగినచో అయిదగును. ‘0.5’ అని ముందు సున్న ఉండవలెను. అయిదును ‘5.0’ అని వ్రాయరాదు. చుక్క కనబడనిచో ఏబదియగును. ఒక చుక్క బరువు పది రెట్లు. వరంగల్లులో 1959లో ఇంజనీరింగు కళాశాలయు, వైద్య కళాశాలయు నెలకొన్నవి. మన విద్యార్థులలో అటువంటి చదువులకు పోగోరువారు ఈ అలవాటును ఇప్పటి నుండియే చేసికొనవలెను.

కొలమానముల గుర్తుల విషయము కూడ ఇట్టిదే. ఇంగ్లీషు అక్షరములలో వ్రాయు కిలోగ్రాము గుర్తు కుదింపు కాదు, అంతర్జాతీయ చిహ్నము. కనుక వాక్యాంతమున తప్ప దాని తరువాత చుక్క ఉండదు. తెలుగులో ‘కి.గ్రా.’ అనునది కుదింపు, కనుక చుక్కలుండును. అంకెకును కొలమానమునకును నడుమ ఖాళీ విడువవలెను.

వస్తువుల జాబితాలో అర్ధ బిందువు ఉపయోగము కూడ చెప్పదగినది. ‘నీరు, ఉప్పు కలిపిన ద్రావణము, వడపోత కాగితము’ అన్నచో నీరు వేరుగా కావలెనో, ఉప్పుతో కలిసియే యున్నదో తెలియదు. ‘నీరు; ఉప్పు కలిపిన ద్రావణము; వడపోత కాగితము’ అన్నచో మూడు వస్తువులని స్పష్టమగును.

పాటింపదగిన నియమములు

పైన చర్చించిన దాని నుండి ఈ నియమములను గ్రహింపవచ్చును.

1. తెర మీద, చీటి మీద, మీట మీద ఉన్న మాటను, లేదా చదువరి కొట్టవలసిన మాటను ఉద్ధరణ చిహ్నముల నడుమ ఉన్నదున్నట్లు వ్రాయవలెను.

2. ‘అని’ ఉన్నది గదా అని ప్రారంభ చిహ్నమును విడువరాదు. ఉర్దూలో ‘కి’ ఉన్నది గదా అని ముగింపు చిహ్నమును విడువరాదు.

3. ఉద్ధరించిన మాటకును ‘అని’, ‘అను’ మొదలగు పదములకును సంధి చేయరాదు.

4. రచయిత వాక్యమునకు చెందిన చుక్క, కామా మూయు చిహ్నమునకు వెలుపల ఉండవలెను.

5. ఉద్ధరణలో మరియొక ఉద్ధరణ వచ్చినచో ఒంటి చిహ్నములు, జంట చిహ్నములు మార్చి వాడవలెను. ఏది లోపల, ఏది వెలుపల అనునది వ్యాసము పొడుగున ఒకే తీరుగా ఉండవలెను.

6. చుక్క పెట్టుటచేత సంశయము కలుగు చోట ఆ మాటను వేరు పంక్తిలో ఒంటరిగా వ్రాయవలెను. అపుడు చిహ్నములతోనే పని లేదు.

7. ఒక పత్రములో ఒకే లిపి అంకెలు, ఒకే దశాంశ సంప్రదాయము ఉండవలెను.

వీనిలో కఠినమైనది ఏదియు లేదు. వ్రాసిన పిమ్మట ఒకసారి చదువరి కన్నులతో చూచుకొన్నచో చాలును. ‘ఈ మాట నాదా, చీటి మీదిదా? ఈ చుక్క నాదా, ఆ సంఖ్యదా?’ అని ప్రతి హద్దు వద్ద ప్రశ్నించుకొనుటయే సాంకేతిక రచయిత చేయవలసిన పరీక్ష.

రెండు మూడు భాషల నడుమ పెరుగుట భారమని కొందరు తలంతురు. ఈ విషయమున అది భారము కాదు, లాభము. తెలుగు ముగింపును మాత్రమే చూపుననియు, ఉర్దూ మొదలును మాత్రమే చూపుననియు ఒక్క భాష వచ్చినవానికి తట్టదు; రెండును వచ్చినవానికి సులభముగా తెలియును. మన విద్యార్థులు రేపు కార్యాలయములలోను, కర్మాగారములలోను, ఆసుపత్రులలోను ఒక భాష నుండి వేరొక భాషలోనికి సూచనలను మార్చి వ్రాయవలసిన స్థానములలో నిలుతురు. వారు పెట్టిన చిన్న గుర్తును నమ్మి మరియొకడు మీట నొక్కును, మందు కొలుచును, దరఖాస్తు నింపును. ఆ నమ్మకమునకు తగినట్లు వ్రాయుట విద్యావంతుని ధర్మము.